‘నేను వదిలేస్తే ఆ పిల్లకి ఇంకెవరున్నారు అక్కా?’

ఈసారి ఉత్తరం హైదరాబాద్ నుంచి వచ్చింది. రాసినమ్మాయికి 31 ఏళ్లు, ఐదేళ్ల పాప ఉంది. లైంగిక వేధింపులకి గురైన పిల్లలకి తోడుండే ఒక చిన్న సంస్థలో రెండేళ్లు శనివారాలు వాలంటీర్‌గా చేసింది, పోయినేడాది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి అందులోనే ఫుల్‌టైమ్ చేరింది, జీతం మూడో వంతుకి పడిపోయింది. "మంచి ఉద్యోగం వదిలేసి పోలీస్ స్టేషన్ల చుట్టూ కోర్టుల చుట్టూ తిరగడమేంటే, ఇంట్లో ఆడపిల్లని పెట్టుకుని ఆ మాటలన్నీ ఎందుకు" అని అత్తగారు రోజూ అంటారట. భర్త మంచివాడే, మొదట్లో సపోర్ట్ చేశాడు కానీ ఈ మధ్య ఆయన కూడా విసుక్కుంటున్నాడు.

ఇప్పుడు తన చేతిలో ఒక 14 ఏళ్ల అమ్మాయి కేసు ఉంది, తనే సపోర్ట్ పర్సన్, అంటే కేసు నడిచినన్నాళ్లూ పిల్లకి తోడుండే మనిషి. (ఊరు, చుట్టరికం, స్కూలు అన్నీ ఉత్తరంలో రాసింది, నేను తీసేశాను. ఇక్కడ ఆ పిల్ల గురించి ఇంతకన్నా రాయను.) కోర్టులో పిల్ల చెప్పాల్సిన వాయిదా వచ్చే నెలలో ఉంది, ఈలోగా చుట్టాలు రాజీ చేసుకోమని వాళ్లమ్మ మీద పడుతున్నారు. రాత్రి పదకొండుకి, పన్నెండుకి, ఒక్కోసారి రెండింటికి ఆ పిల్ల ఫోన్ చేస్తుంది. నంబర్ ఇచ్చింది ఈ అమ్మాయే. "నేను ఎత్తకపోతే ఎలా అక్కా" అంటుంది. కోఆర్డినేటరేమో సొంత నంబర్ వెంటనే ఆపెయ్యమంటోంది. ఇది చాలదన్నట్టు సంస్థ వాళ్లు దాతల మీటింగ్‌కి ఆ పిల్ల కథతో చిన్న వీడియో కావాలన్నారు, ముఖం కనపడకుండా చేస్తామన్నారు.

నిద్ర లేదు. పాపని పక్కింటికి పంపట్లేదు, పార్కుకి పంపట్లేదు, పోయిన నెల మామగారు పాపకి స్నానం చేయిస్తానంటే పెద్దగా అరిచేసిందట, పెద్దాయన ఆ రోజు నుంచి సరిగ్గా భోజనం చేయట్లేదట. చివర్లో అడిగింది: "మానేస్తే ఆ పిల్లని వదిలేసిన పెద్దవాళ్ల లిస్టులో నేనూ చేరతాను. ఉంటే నా ఇల్లు చెడిపోయేలా ఉంది. ఏం చెయ్యమంటారు?"

చెల్లెమ్మా, నువ్వు అనే పిలవమన్నావు కాబట్టి అలాగే పిలుస్తున్నాను. ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి నైట్ ఫోన్లు, అత్తగారు, వీడియో ఇవే కనపడ్డాయి, రెండోసారి చదివినప్పుడు మధ్యలో ఒక్క లైను దగ్గర ఆగిపోయాను. "నాకూ 11 ఏళ్లప్పుడు జరిగింది, ఇంటికొచ్చి లెక్కలు చెప్పే చుట్టం, మూడేళ్ల కింద పోయాడు, పెద్దకర్మకి వెళ్లలేదని అమ్మ ఇప్పటికీ కోపంగా ఉంది" అని రాసి, దాని వెనకే ఫుల్‌స్టాప్ కూడా లేకుండా ఆటో చార్జీల గురించి మొదలుపెట్టావు. ఇంకో రెండు పేరాల తర్వాత "ఒకరోజు రాత్రి ఏడుస్తుంటే ఆపలేక నాకూ ఇలాగే జరిగిందని ఆ పిల్లకి చెప్పేశాను, కోఆర్డినేటర్‌కి తెలీదు" అని ఇంకో లైను. నువ్వు అడిగిన ప్రశ్న ఉండాలా మానాలా అని. నాకైతే ఈ రెండు లైన్లు తేలకుండా దానికి జవాబు దొరకదనిపిస్తోంది.

ముందు ఒకటి. నీకు జరిగింది నీ తప్పు కాదు. ఈ మాట నువ్వు వేరే పిల్లలకి వందసార్లు చెప్పుంటావు, నీకు ఎవరైనా చెప్పారో లేదో ఉత్తరంలో లేదు, అందుకే రాస్తున్నాను. పెద్దకర్మకి వెళ్లకపోవడం కూడా తప్పు కాదు. అందరూ మంచివాడన్న మనిషి ఫోటోకి మీ అమ్మగారింట్లో దండ వేసి ఉందన్నావు, ఆ ఫోటో ముందు కూర్చుని నువ్వు పండక్కి భోజనం చేసి వస్తున్నావు. అది చిన్న సంగతి కాదు తల్లీ.

ఇప్పుడు ఆ ఫోన్ సంగతి. రాత్రి రెండింటికి మోగితే నువ్వు గబుక్కున లేచి బాల్కనీలోకి పరిగెడుతున్నావు కదా. అది ఆ పిల్ల మీద ప్రేమే, అందులో అనుమానం లేదు. కానీ నీకు 11 ఏళ్లున్నప్పుడు ఫోన్ చెయ్యడానికి నీకెవరూ లేరు. అలాంటప్పుడు ఇంకో పిల్ల ఫోన్‌ని ఎత్తకపోవడం నీకు నేరంలా అనిపిస్తుంది, ఎత్తకపోతే నువ్వు ఎవర్ని వదిలేసినట్టు అనిపిస్తుందో ఒక్కసారి కూర్చుని చూసుకో. ఈ పనిలోకి వచ్చేవాళ్లలో తమకీ జరిగినవాళ్లు చాలామంది ఉంటారు, నేను పదిహేనేళ్లకి పైగా ఇదే పని చేశాను, వాళ్లలో ఎంతో బాగా చేసేవాళ్లని చూశాను, ఒక పిల్ల గదిలోకి రాగానే ఎక్కడ కూర్చోబెట్టాలో తలుపు మూయాలా తెరవాలా వాళ్లకి ఎవరూ నేర్పక్కర్లేదు. కాబట్టి నీకు జరిగింది కాబట్టి నువ్వు పనికిరావు అని ఎవరన్నా నమ్మకు. ఒక్కటే తేడా, వాళ్ల బాధకి వాళ్లకి వేరే చోటు ఉండేది, ఒక కౌన్సిలరో, ఒక స్నేహితురాలో. నీకు ఆ చోటు లేదు. ఉన్న ఒక్క చోటు ఆ 14 ఏళ్ల పిల్ల ఫోనే అయిపోయింది.

ఆ పిల్లకి చెప్పేశావు కదా, దాని వల్ల ఏమవుతుందో నిజంగా ఆలోచిద్దాం. ఆ రాత్రికి ఆ పిల్ల ఏడుపు ఆగింది, ఒంటరిదాన్ని కాదనుకుంది, అది మంచిదే. తర్వాత ఏం జరిగిందో నువ్వే రాశావు, "ఇప్పుడు ఫోన్ చేసి ముందు నన్నే అడుగుతుంది, అక్కా నువ్వు తిన్నావా, నువ్వు బాగున్నావా అని." అంటే ఇప్పుడు ఆ పిల్ల నిన్ను కూడా మోస్తోంది. తన బాధలో కొంచెం నీ దగ్గర చెప్పడం మానేసి ఉంటుంది కూడా, అక్క తట్టుకోలేదేమో అని. పిల్లలు అంతే, మన మొహం చూసి మాట మింగేస్తారు. ఇంకోటి కోర్టు వైపు నుంచి. రేపు కోర్టులో ఎదురు ప్రశ్నలప్పుడు ఎదుటి లాయర్‌కి ఈ సంగతి తెలిస్తే, ఈ మేడమే తన కథ చెప్పి పిల్లకి నూరిపోసింది అని లాగడానికి చూస్తాడు. అందుకే కోఆర్డినేటర్‌కి నువ్వే చెప్పాలి, వేరేవాళ్ల ద్వారా తెలియక ముందే. చెప్తే నిన్ను ఈ కేసు నుంచి తప్పించొచ్చు, అబద్ధం ఎందుకు చెప్పాలి, ఆ అవకాశం ఉంది. చెప్పకపోతే ఇది నీకూ ఆ పిల్లకీ మధ్య ఒక రహస్యం. "ఎవరికీ చెప్పకు" అనే మాట ఆ పిల్ల ఇంతకుముందు ఎవరి నోట విందో నీకు తెలుసు. మళ్లీ ఇంకో పెద్దమనిషితో ఇంకో రహస్యం ఆ పిల్లకి వద్దు.

"వదిలేసిన పెద్దవాళ్ల లిస్టు" అన్నావు కదా, దాని గురించి చట్టం ఏమంటుందో నీకు తెలిసే ఉంటుంది, కానీ ఈ కోణంలో చూసుండవు. పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం 2012లో వచ్చింది, 2020 రూల్స్‌లో సపోర్ట్ పర్సన్ గురించి వివరంగా ఉంది. బాలల సంక్షేమ కమిటీ (సీడబ్ల్యూసీ) పిల్లకీ ఇంటివాళ్లకీ ఇష్టమైతేనే సపోర్ట్ పర్సన్‌ని ఇస్తుంది, ఆ పిల్ల వద్దనుకుంటే కారణం కూడా చెప్పకుండా వద్దనొచ్చు. మనిషి మారొచ్చు అని చట్టమే ముందుగా అనుకుంది. మనం ఆ పిల్లకి అమ్మ కాదు. ఎఫ్ఐఆర్ దగ్గర్నుంచి తీర్పు దాకా ఏం జరుగుతోందో అర్థమయ్యేలా చెప్పి, పక్కన నిలబడి, విన్నది బయటికి చెప్పకుండా ఉండే మనిషిమి. ఆ పని ఇద్దరు ముగ్గురు చేతులు మారినా జరుగుతుంది. చెప్పకుండా మాయమైపోతే వదిలేసినట్టు, కొత్త అక్కని తీసుకొచ్చి ముగ్గురూ కలిసి ఒకటికి రెండుసార్లు టీ తాగి, "ఇక నుంచి వాయిదాలు ఈ అక్క చూస్తుంది, నేను ఎందుకు మారుతున్నానంటే నాకు కొంచెం విశ్రాంతి కావాలి, నీ వల్ల కాదు" అని మొహం చూసి చెప్పి వెళ్తే అది వదిలెయ్యడం కాదు. పిల్ల ఏడుస్తుంది, కోప్పడుతుంది, రెండువారాలు మాట్లాడకపోవచ్చు కూడా. దానికి నువ్వు సిద్ధంగా ఉండాలి.

ఫోన్ మాత్రం నువ్వు ఉన్నా మానినా ఇలా నడవదు. కోఆర్డినేటర్ చెప్పింది కరెక్టే, చెప్పిన పద్ధతి కరెక్ట్ కాదనిపిస్తోంది నాకు. ఈ రాత్రి నుంచి స్విచాఫ్ అంటే పిల్లకి అది చెంపదెబ్బ. ఎదురుగా కూర్చుని చెప్పు, సాయంత్రం ఆరు నుంచి ఏడు దాకా ఆఫీసు ఫోన్‌లో ఉంటాను, రాత్రి అయితే వేరే నంబర్లున్నాయి అని. 1098 పిల్లలకి, 112 ప్రమాదం అనిపిస్తే, మనసు బాగోలేక నిద్ర పట్టకపోతే టెలీ మానస్ 14416, అది ఎప్పుడైనా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు. మొదటిసారి నీ ఎదురుగానే కలిపి మాట్లాడించు, కాగితం మీద రాసిచ్చిన నంబర్‌కి ఏ పిల్లా అర్ధరాత్రి చెయ్యదు. రాత్రుళ్లు చచ్చిపోవాలనుంది లాంటి మాటలు ఆ పిల్ల అంటుంటే మాత్రం ఇవన్నీ పక్కన పెట్టి రేపే కోఆర్డినేటర్‌కీ వాళ్లమ్మకీ డాక్టర్‌కీ తెలియాలి, అది నువ్వొక్కదానివే దాచుకునే సంగతి కాదు.

ఇక రాజీ. "చెప్పకపోతే ఏమవుతుంది అక్కా" అని పిల్ల అడిగితే ఏం చెప్పాలో తెలియక ఫోన్ పెట్టేశానన్నావు. ఇక్కడ చాలామంది తప్పు చేస్తారు, నేనూ మొదట్లో చేశాను, "నువ్వు చెప్పకపోతే వాడు ఇంకో పిల్లని" అని మొదలుపెట్టేదాన్ని. ఆ బరువు 14 ఏళ్ల పిల్ల మీద పెట్టకూడదు, అది పోలీసుల పని, కోర్టు పని. ఏం చెప్పాలో నేర్పడం అసలే వద్దు. ఉన్నది ఉన్నట్టు చెప్పు. పోక్సో కేసు పెద్దమనుషుల్లో కూర్చుని రాజీ చేసుకుంటే పోయేది కాదు, 2024 నవంబర్‌లో రాజస్థాన్ కేసు ఒకదాంట్లో రాజీ పడ్డారని హైకోర్టు కొట్టేస్తే సుప్రీంకోర్టు ఆ తీర్పునే పక్కనపెట్టింది. కాబట్టి నువ్వు ఊరుకుంటే కేసు మాయమైపోతుందని ఎవరైనా చెప్తే అది నిజం కాదు అని చెప్పు, పిల్ల వెనక్కి తగ్గితే కేసు బలహీనపడొచ్చు అన్నది కూడా నిజమే, అదీ దాచకు. కోర్టులో ఎలా ఉంటుందో చెప్పు, లాయర్ నేరుగా అడగడు, ప్రశ్నలు జడ్జి ద్వారానే రావాలి, మధ్యలో ఆపి నీళ్లు తాగొచ్చు, వాడు నీకు కనపడకుండా ఏర్పాటుండాలి, నమ్మకమున్న మనిషి పక్కన కూర్చోవచ్చు. చట్టంలో ఉన్నట్టు అన్ని కోర్టుల్లో జరగదు, నీకూ తెలుసు నాకూ తెలుసు, అందుకే వాయిదాకి ముందే పీపీని, అంటే మన తరఫు ప్రభుత్వ లాయర్‌ని కలిసి తెర ఉందా, వేరే గది ఉందా అని అడిగి పెట్టుకోవాలి. ఆ కోర్టు గది ఒకసారి ఖాళీగా ఉన్నప్పుడు పిల్లకి చూపించగలిగితే ఇంకా మంచిది. చుట్టాల ఒత్తిడి సంగతి పిల్లతో కాదు, సీడబ్ల్యూసీకీ పీపీకీ రాతపూర్వకంగా ఇవ్వండి, సంస్థ లెటర్‌హెడ్ మీద. బెదిరింపులు కూడా ఉంటే సాక్షుల రక్షణ పథకం కింద జిల్లాలో దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఇవన్నీ సంస్థ చెయ్యాల్సిన పనులు, నువ్వొక్కదానివే మొయ్యాల్సినవి కాదు.

వీడియో గురించి నా అభిప్రాయం గట్టిగానే ఉంది. వద్దు. ముఖం మసక చేస్తే సరిపోదు, గొంతు ఉంటుంది, ఊరి యాస ఉంటుంది, వెనక గోడ ఉంటుంది. చాలా ఏళ్ల కింద నేను పనిచేసిన ఒక చోట కరపత్రంలో ఒక పిల్ల వెనక నుంచి తీసిన ఫోటో వేశారు, జడ, రిబ్బన్లు, స్కూలు బ్యాగు అంతే, వాళ్ల క్లాసు పిల్లలు ఆ బ్యాగు మీదున్న స్టిక్కర్ గుర్తుపట్టారు, ఆ పిల్ల స్కూలు మానేసింది. ఆ ఫోటోకి సరే అన్నవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ పిల్ల మొహం ఇప్పటికీ మర్చిపోలేదు. 2018 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు నిపుణ్ సక్సేనా కేసులో చెప్పింది కూడా ఇదే, పేరొక్కటే కాదు, మనిషిని గుర్తుపట్టేలా చేసే ఏ వివరమూ బయటికి రాకూడదని. పిల్ల ఒప్పుకుంది అంటారు, మనం ఆటో డబ్బులిస్తూ కోర్టుకి తీసుకెళ్తూ అడిగితే ఏ పిల్ల కాదంటుంది? దాతలకి చెప్పాల్సింది మన పని గురించి, ఒక కేసుకి ఎన్నిసార్లు కోర్టుకి తిరగాలి, ఎన్ని వాయిదాలు ఊరికే పడతాయి, ఒక కౌన్సిలర్‌కి ఎంతమంది పిల్లలు, అమ్మకి కూలి పోయిన రోజుల లెక్క. పిల్ల కథ లేకుండా డబ్బులివ్వని దాత ఉంటే ఆ డబ్బు ఖరీదు ఎక్కువ. నువ్వొక్కదానివే కాదంటే నీ మీద పడతారేమో అని భయపడ్డావు, ఈమెయిల్ పెట్టు, చట్టం పేరు పెట్టి రాయి. దానికి కూడా వినని సంస్థ అయితే అది కూడా నీ నిర్ణయంలో కలుపుకో.

ఇంటి సంగతి. పాప విషయంలో నువ్వు పిచ్చిదానివైపోతున్నావని మీ ఆయన అన్నాడట. కాదు. కేంద్ర ప్రభుత్వం 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లల్ని అడిగి చేసి 2007లో బయటపెట్టిన సర్వేలో, మన ఆంధ్రప్రదేశ్ కూడా అందులో ఉంది, 53.22 శాతం మంది ఏదో ఒక రకం లైంగిక వేధింపు ఎదుర్కొన్నామని చెప్పారు, చేసినవాళ్లలో సగం మంది తెలిసినవాళ్లో, పిల్లలు నమ్మినవాళ్లో. నీ భయానికి ఆధారం ఉంది. కానీ రోజూ అవే వింటుంటే కొన్నాళ్లకి లోకం మొత్తం అలాగే కనపడుతుంది, పార్కులో ఏ మగాడు పిల్లకి బిస్కెట్ ఇచ్చినా చెయ్యి వణుకుతుంది, ఇది ఈ పని చేసేవాళ్లలో చాలామందికి వచ్చేదే, 1990లోనే దీన్ని గుర్తించి పేరు పెట్టారు సైకాలజిస్టులు. బలహీనత కాదు, ఫ్యాక్టరీలో చేసేవాళ్లకి చెవులు దెబ్బతిన్నట్టు.

మామగారి దగ్గరికి వెళ్లి ఒక్కమాట చెప్పు, ఆయన్ని అనుమానించావని కాదు, "నాన్నగారూ, ఇకపై పాపకి స్నానం నేనో అత్తయ్యో చేయిస్తాం, ఇది అందరికీ ఒకటే రూలు, ఆ రోజు అరిచినందుకు నన్ను క్షమించండి" అని. రూలు మంచిదే, అరుపే తగిలింది ఆయనకి. పాపకి ఏ చోట్లు ఎవరూ ముట్టుకోకూడదో, ఎవరైనా ముట్టుకుంటే ఎవరికి చెప్పాలో ఆటలా నేర్పు, చెప్తే అమ్మ కోప్పడదని నేర్పు, ఆ తర్వాత పార్కుకి పంపు, మొదట్లో నువ్వు బెంచీ మీద కూర్చో. భర్తకి సగమే చెప్పానన్నావు, మిగతా సగం ఎప్పుడు చెప్పాలో నీ ఇష్టం. కానీ ఆయన విసుగు నీ పని మీద కాదేమో, రాత్రి రెండింటికి పక్కలోంచి లేచి వెళ్లిపోయే మనిషికి ఏమైందో తెలియక కావచ్చు.

మరి ఉండాలా మానాలా. ఉండొచ్చు, కానీ ఇప్పుడున్నట్టు కాదు. నీకంటూ ఒక కౌన్సిలర్, మీ సంస్థతో సంబంధం లేని మనిషి, వారానికోసారి. ఖర్చుంటుంది, తగ్గిన జీతంలో అది కష్టమే, అది సంస్థని అడగడం తప్పు కాదు. కోఆర్డినేటర్‌తో పదిహేను రోజులకోసారి కూర్చుని కేసుల గురించి మాట్లాడే టైము ఉండాలి. ఇవి ఇవ్వలేమంటే ఆ సంస్థలో ఎంత మంచి మనసుతో చేసినా ఏడాదిలో పడిపోతావు. రెండోది, కేసులు వదిలేసి సంస్థలోనే వేరే పని. నీకు సాఫ్ట్‌వేర్ వచ్చు, చిన్న సంస్థల్లో వాయిదాల తేదీలు ఇంకా నోటుబుక్‌లోనే ఉంటాయి, ఒక తేదీ తప్పిపోతే పిల్ల ఊరికే కోర్టుకొచ్చి తిరిగెళ్తుంది, అది సరిచేసే మనిషి దొరకదు వాళ్లకి. స్కూళ్లలో పిల్లలకి, టీచర్లకి క్లాసులు చెప్పొచ్చు. కొన్నాళ్లు నీకు అది తక్కువ పనిలా అనిపిస్తుంది, పిల్లల మొహాలు కనపడవు కాబట్టి. మూడోది, మూణ్నెల్లు సెలవు. నీ స్థానంలో మనిషి దొరకాలి, జీతం పోతుంది, తిరిగి రావాలనిపించకపోవచ్చు కూడా. నాలుగోది పూర్తిగా మానేసి మళ్లీ పాత లైన్లో ఉద్యోగం, శనివారాలు కూడా కాదు. అలా వెళ్లినవాళ్లని నేను చూశాను, రెండేళ్లకి తిరిగొచ్చినవాళ్లూ ఉన్నారు, రానివాళ్లూ ఉన్నారు, వాళ్లలో ఎవర్నీ నేను తక్కువగా అనుకోలేదు. నన్నడిగితే వచ్చే నెల వాయిదా అయ్యేదాకా పెద్ద నిర్ణయం వద్దు. ఆ పిల్లకి ఇప్పుడు మనిషి మారితే కష్టం, అలాగని ఇప్పుడున్నట్టే నువ్వొక్కదానివే కోర్టుకి తీసుకెళ్లడమూ మంచిది కాదు. ఇద్దరు వెళ్లండి. రెండో అక్కని ఈ వారమే పరిచయం చెయ్యి, కోఆర్డినేటర్ ఆ పిల్ల పక్కన కూర్చునేది ఆ రెండో అక్కే అయ్యుండాలి అంటే సరేనను, నువ్వు బయట వరండాలో వాళ్లమ్మ దగ్గర కూర్చో. ఆ పూట చుట్టాలు చుట్టుముట్టేది ఆవిడనే, ఆవిడ పక్కన కూడా ఒక మనిషి ఉండాలి.

మీ అమ్మగారికి చెప్పాలా వద్దా అని చివర్లో అడిగావు. ఇప్పుడే కాదు అనుకుంటున్నాను, ముందు నీకో కౌన్సిలర్ దొరకనీ, అమ్మ నమ్మకపోతే ఏం చెయ్యాలో ఆ కౌన్సిలర్‌తో మాట్లాడుకున్నాక చూద్దువుగాని. ఈలోగా పండక్కి వెళ్లినప్పుడు ఆ ఫోటో ఉన్న గదిలో కూర్చోవాల్సిన పని లేదు, పళ్లెం తీసుకుని వంటింట్లోకి వెళ్లిపో, ఎవరైనా అడిగితే పాపకి తినిపిస్తున్నానని చెప్పు. కోఆర్డినేటర్‌కి మాత్రం ఈ ఆదివారం లోపు ఫోన్ చెయ్యి. ఎలా మొదలుపెట్టాలో తెలియకపోతే నాకు రాసిన ఆ రెండు లైన్లూ అలాగే చదివి వినిపించు.